మీరేవిట్లు?

మన విహారాల్లో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. "ధ్యానానికి బయటి దేశం వెళ్లాలనుకుంటున్నాం, ఎక్కడికి వెళితే మంచిది?" అని మన యువతీయువకులు అడుగుతున్నారు. ఉద్యోగాలు వచ్చాయి, పాస్‌పోర్టులు చేతికొచ్చాయి, విమానం టికెట్టు ఒకప్పటంత అందని మాట కాదు. అడగడంలో తప్పేమీ లేదు. ఇదే ప్రశ్నతో మేము దాదాపు రెండేళ్లు కుస్తీ పట్టాం. మా లెక్కలు, మా తగవులు, చివరికి మాకు తేలిన సంగతి నలుగురి ముందు పెడితే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాం.

మేమంటే గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నంలో ప్రతి ఆదివారం బుద్ధ వందనకు కలిసే ఆరుగురం. రిటైరైన హెడ్మాస్టారు ఒకరు, ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క ఒకరు, కరెంటు లైన్‌మన్‌గా చేసే తమ్ముడొకడు, మిగిలిన ముగ్గురం చిన్నాచితకా ఉద్యోగాలవాళ్లం. త్రిశరణాలు, పంచశీల చెప్పుకుని, బాబాసాహెబ్ నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో కొన్ని చదువుకుని, ఓ ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవడం మాకు ఏళ్ల నాటి అలవాటు.

విదేశం ఎందుకు అని ముందు మమ్మల్ని మేమే అడిగాం. ధ్యానం నేర్పే చోట్లు మన దగ్గర తక్కువేం లేవు. బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశం వచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. ఇప్పుడు హైదరాబాదు దగ్గర, నాగార్జునసాగర్‌లో కూడా ఆ కేంద్రాలు ఉన్నాయి. పది రోజులకు రుసుము ఉండదు. పాత సాధకులు ఇచ్చిన దానంతో నడుస్తాయి. మాలో ముగ్గురు అక్కడ కూర్చుని మేలు పొందినవాళ్లే.

కానీ మా మనసులో ముల్లు ఒకటి ఉంది. అది వేరే చోట గుచ్చుకున్నది. కొన్నేళ్ల కిందట పక్క రాష్ట్రంలో, బౌద్ధంతో సంబంధం లేని ఒక ధ్యానాశ్రమానికి మాలో నలుగురం వెళ్లాం. వారం రోజులు మౌనం. ఎవరి పేరు ఎవరికీ తెలియదు, ఎవరి కంచం వారు కడుక్కోవడం, ఎవరి చాప వారు పరుచుకోవడం. మౌనం విడిచిన రోజు భోజనాల దగ్గర ఓ తెలుగాయన ఆప్యాయంగానే పలకరించాడు. ఏ ఊరన్నాడు, ఇంటిపేరేమిటన్నాడు. ఆ తర్వాత, "మీరేవిట్లు?" అన్నాడు. బౌద్ధులం అన్నాం. "అది కాదండీ, అంతకుముందు?" అన్నాడు. చెప్పాం. రాత్రి భోజనానికి మా పక్క వరస ఖాళీగా ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. వారం రోజులు పక్కపక్కనే ఊపిరి తీసినవాళ్లం, ఒక్క పూటలో దూరమైపోయాం.

అప్పటినుంచి ఒక కోరిక పట్టుకుంది. బతుకులో ఒక్కసారైనా ఆ ప్రశ్న వినబడని నేల మీద, బౌద్ధుల దేశంలో కూర్చోవాలి. దానికోసం చీటీ వేశాం. నెలకు తలా రెండు వేలు, ఇరవై నెలలు. మొత్తం 2,40,000 అయింది.

డబ్బు చేతికొచ్చేసరికి మాస్టారు అడ్డం తిరిగారు. "ఇంత సొమ్ము పెట్టి కళ్లు మూసుకోవడానికి సముద్రం దాటతారా? బస్తీలో పిల్లలు వీధి దీపం కింద చదువుతున్నారు. భిక్షువు తన పూర్ణత్వం కోసమా, లోకసేవ కోసమా అని బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న మర్చిపోయారా?" అన్నారు. లైన్‌మన్ తమ్ముడు ఒప్పుకోలేదు. "ఉన్నవాళ్లు తీర్థాలకు పోతే పుణ్యం, మనం పోతే దుబారానా మాస్టారూ? మన మనసుకు విశ్రాంతి అక్కర్లేదా?" అన్నాడు. ఇద్దరి మాటా మాకు నిజంగానే తోచింది.

తగవు తీర్చుకోవడానికి నాలుగు ఆదివారాలు 'బుద్ధుడు ఆయన ధమ్మం' ముందు పెట్టుకుని కూర్చున్నాం. బాబాసాహెబ్ ధ్యానాన్ని కాదనలేదు. ధ్యానంలో అయిదు నీవరణాలూ అణిగినట్టు ఉంటాయనీ, అయితే ఆ స్థితులు తాత్కాలికమనీ, లేవగానే నీవరణాలూ లేస్తాయనీ చెప్పారు. సమ్మా సమాధి అలాంటిది కాదన్నారు. ఏకాగ్రతలో ఉండగా కుశల కర్మ గురించి ఆలోచించడం మనసుకు అలవాటు చేసి, అకుశలం వైపు మొగ్గే గుణాన్నే పోగొట్టేది అన్నారు. మాస్టారు అక్కడ ఆగి, "అయితే పోయిరండి, కానీ తిరిగొచ్చాక ఏ కుశలం చేశారో అడుగుతా" అన్నారు. సొమ్ము రెండు భాగాలు చేశాం. సగం ముగ్గురి ప్రయాణానికి, సగం బస్తీలో సాయంత్రపు చదువుల గదికి. మాస్టారు గది పని పెట్టుకున్నారు. అక్క, తమ్ముడు, మాలో మరొకరు వెళ్లాలని తేలింది.

ఇక ఎక్కడికి? వెతకడం మొదలుపెడితే ముందు కంటబడినవి వ్యాపారాలు. సముద్రపుటొడ్డున కొలను, నూనె మర్దన, మధ్యలో ధ్యానం, రోజు ఖరీదు డాలర్లలో. వాటిలో బుద్ధుడి తల ఒక అలంకారం, అంతే. వాటిని పక్కనపెట్టాక మాకు నాలుగు దారులు మిగిలాయి.

మొదటిది బర్మా. నాగపూర్‌లో బాబాసాహెబ్‌కు దీక్ష ఇచ్చిన ఊ చంద్రమణి మహాథేరో బర్మా భిక్షువే. 1954 డిసెంబరులో ప్రపంచ బౌద్ధుల మహాసభకు బాబాసాహెబ్ రంగూన్ వెళ్లారు. 1949లో మహాసీ సయాదా రంగూన్ వచ్చి నేర్పడం మొదలుపెట్టిన కేంద్రం, 1952లో ఊ బా ఖిన్ పెట్టిన కేంద్రం రెండూ ఆ నగరంలోనే. ఊ బా ఖిన్ ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్ అని తెలిసి, గుమాస్తా ఉద్యోగాలు చేసే మాకు మరీ ముచ్చటేసింది. కానీ 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్న తర్వాత అక్కడి జనమే ప్రాణాలు అరచేత పట్టుకుని ఉన్నారు. ఇప్పుడు కాదనుకున్నాం.

రెండోది థాయిలాండ్. దక్షిణాన ఛైయాలో బుద్ధదాస భిక్షువు 1932లో స్థాపించిన సువాన్ మోక్ ఉంది. దానికి అనుబంధంగా విదేశీయుల కోసం నెల మొదట్లో ఆరంభమయ్యే పది రోజుల ఆనాపానసతి శిబిరం ప్రసిద్ధం. సిమెంటు అరుగు మీద పడక, తలకింద చెక్క దిండు. ధమ్మాన్ని సమాజ న్యాయంతో ముడిపెట్టి మాట్లాడిన భిక్షువు కాబట్టి మాస్టారికి అదే నచ్చింది. దారి ఖర్చు మాత్రం మా సొమ్ముకు మించింది.

మూడోది నేపాల్‌లోని లుంబిని. మనకు వీసా అక్కర్లేదు. గోరఖ్‌పూర్ దాకా రైలు, సోనౌలి దగ్గర సరిహద్దు దాటితే అక్కడినుంచి కొద్ది దూరమే. అశోకుడు పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట వచ్చి, బుద్ధుడు పుట్టిన ఊరని పన్ను తగ్గించినట్టు చెక్కించిన స్తంభం అక్కడ నిలిచే ఉంది. మహాసీ పద్ధతి నేర్పే పండితారామ కేంద్రం కూడా ఉంది. అందరికంటే చవక అదే.

నాలుగోది శ్రీలంక. క్యాండీ దగ్గర కొండమీద, తేయాకు తోటల మధ్య 1979లో మొదలైన నీలాంబె ధ్యాన కేంద్రం. అక్కడ ఎన్నో ఏళ్లు నేర్పిన గాడ్విన్ సమరరత్నె భిక్షువు కాదు, మనలాంటి ఉపాసకుడు. 2000లో కన్నుమూశారు. మెత్త భావనకు, మనల్ని మనం క్షమించుకోవడానికి ఆయన ఇచ్చిన చోటు గురించి చదివి అక్క అక్కడే ఆగిపోయింది.

లుంబినా, నీలాంబెనా అని తేలకుండా ఉండగా మాస్టారు విశుద్ధిమగ్గం తీశారు. అయిదో శతాబ్దంలో అనురాధపురం మహావిహారంలో కూర్చుని బుద్ధఘోషుడు రాసిన గ్రంథం. ఆయన మన గుంటూరు సీమవాడని వాదించే పండితులు ఉన్నారు. ధ్యానానికి పనికిరాని విహారానికి పద్దెనిమిది దోషాలు అందులో వరసగా చెప్పాడు. మరీ పెద్దదైతే మాటలు ఎక్కువ. కొత్తదైతే కట్టుబడి పనులు తెమలవు. పాతబడితే మరమ్మతులు. బాట పక్కనుంటే రాత్రీపగలూ వచ్చిపోయేవాళ్లు. చెరువుంటే నీళ్లకొచ్చేవాళ్లు. పూలచెట్లు, పండ్లచెట్లు ఉంటే వాటికోసం వచ్చేవాళ్లు. పేరున్న చోటయితే దండాలు పెట్టడానికి వచ్చేవాళ్లు. ఊరి పక్కన, రేవు పక్కన, రాజ్యాల సరిహద్దులో ఉన్నవి వద్దు. పొసగని మనుషులున్నచోటు వద్దు. మంచి మిత్రుడు దొరకని చోటు అసలే వద్దు. తగిన చోటుకు అయిదు గుణాలూ చెప్పాడు. అవి బుద్ధుడు సుత్తంలో చెప్పినవే. రాకపోకలకు వీలుగా, మరీ దూరమూ మరీ దగ్గరా కాకుండా ఉండాలి. పగలు జనసమ్మర్దం, రాత్రి చప్పుడు ఉండకూడదు. ఈగలు, దోమలు, గాలి, ఎండ, పాముల బెడద తక్కువగా ఉండాలి. తిండి, బట్ట, మందు కష్టం లేకుండా దొరకాలి. సందేహం తీర్చే తెలిసిన పెద్దలు ఉండాలి.

పదిహేను వందల ఏళ్ల నాటి ఆ జాబితా మాకు ఏ ప్రకటన కంటే ఎక్కువ పనికొచ్చింది. ఆ లెక్కన లుంబినికి రెండు దోషాలు ఉన్నాయి. పేరున్న చోటు, సరిహద్దు చోటు. దోమల సంగతి సరేసరి. అక్కడికి యాత్రకు వెళ్దాం, ధ్యానానికి నీలాంబె అనుకున్నాం.

అప్పుడు మాలో ఒకరు లంక సంఘం చరిత్ర చదివి ఒక కబురు తెచ్చారు. 1753లో సయాం నుంచి ఉపసంపద తెచ్చుకుని మొదలైన సియాం నికాయంలో కొద్దికాలానికే గొవిగమ కులం వారికి మాత్రమే ఉపసంపద అనే కట్టుబాటు వచ్చింది. మిగిలిన కులాలవారు 19వ శతాబ్దం మొదట్లో బర్మాలోని అమరపురం వెళ్లి ఉపసంపద పొంది వచ్చి వేరే నికాయం పెట్టుకోవలసి వచ్చింది. మేమంతా నోరెళ్లబెట్టాం. దేన్నుంచి పారిపోదామనుకున్నామో అది కాషాయం కట్టుకుని మాకంటే ముందే అక్కడ కూర్చుని ఉంది. తమ్ముడైతే టికెట్లు మానేద్దాం అన్నాడు.

అక్క మాత్రం ఒక మాట గుర్తుచేసింది. 1950 మే నెలలో బాబాసాహెబ్ అదే క్యాండీలో ప్రపంచ బౌద్ధుల సమావేశానికి వెళ్లారు. ఆ ప్రయాణంలోనే కొలంబో టౌన్ హాల్లో మాట్లాడుతూ, అక్కడి అంటరానివారిని బౌద్ధంలోకి రమ్మన్నారు. వారిని కలుపుకుని వారి బాగు చూడమని సింహళ బౌద్ధులను కోరారు. "ఆయనకు తెలియక వెళ్లారా? తెలిసే వెళ్లి, అడగవలసింది అడిగి వచ్చారు" అంది. ఇంకో సంగతి కూడా తలుచుకున్నాం. మూడో శతాబ్దంలో మన నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. ఉపాసిక బోధిసిరి శాసనం దాని పేరు చెబుతుంది. వాళ్లకు మన కొండ మీద చోటిచ్చిన జాతి మనది. వాళ్ల కొండ మీద మనం కూర్చోవడానికి జంకు ఎందుకు?

చెన్నై నుంచి కొలంబో, అక్కడినుంచి క్యాండీకి రైలు, ఆపైన గలహా దారి బస్సు, చివర తేయాకు తోటల్లోంచి కొండెక్కడం. కరెంటు వెలుగు లేని గదులు, రాత్రి కొవ్వొత్తి. తెల్లవారకముందే గంట. కూర్చోవడం, నడవడం, ఓ గంట చీపురో పారో పట్టి పని. ఎర్రబియ్యం అన్నం, కొబ్బరి వేసిన కూరలు. వాన పడితే జలగలు. దేశదేశాలవాళ్లు ఉన్నారు. ఎవరూ మా ఇంటిపేరు అడగలేదు. మూడో రోజుకల్లా భుజాల్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. కొత్తచోట మా గురించి ఎవరేం అనుకుంటారోనని వీపు బిగబట్టుకుని కూర్చునే అలవాటు మాకు ఉందని, అది సడలాకే తెలిసింది.

ఆరో రోజు మధ్యాహ్నం ముగ్గురం బాట వెంట కిందికి నడిచాం. ఆకు సంచి నెత్తికి తగిలించుకుని ఒకావిడ ఎదురైంది. తమిళంలో పలకరించింది. అక్కది చిత్తూరు జిల్లాలో తమిళ సరిహద్దు ఊరు, ఆ భాష వచ్చు. ఏ ఊరని అడిగింది. ఆంధ్ర అంది అక్క. ఆవిడ ముగ్గురినీ ఎగాదిగా చూసి, "మీరు ఏ జనం?" అంది. మాటలు వేరు, అడిగింది మాకు తెలిసిన ప్రశ్నే. అక్క దాచకుండా చెప్పింది. ఆవిడ సంచి కింద పెట్టేసింది. "మేమూ అంతే" అని అక్క చెయ్యి పట్టుకుంది.

బ్రిటిషు కాలంలో కాఫీ, తేయాకు తోటలకు తరలించిన దక్షిణాది కూలీల సంతతి వీళ్లు. ఎక్కువమంది అణగారిన కులాలవాళ్లు. వారిలో అరుంధతీయులూ ఉన్నారు. తమిళనాట ఆ కులం వారిలో చాలామంది ఇంటి భాష తెలుగే. 1948లో వచ్చిన పౌరసత్వ చట్టంతో లక్షలమంది ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. 1964 శాస్త్రి, సిరిమావో ఒప్పందంలో వాళ్లను రెండు దేశాలు తలలు లెక్కపెట్టి పంచుకున్నాయి. మిగిలినవారికి పూర్తిగా పౌరసత్వం దక్కేసరికి 2003 అయింది.

ఆవిడ ఇవేమీ చెప్పలేదు. అనుకున్న కిలోలు తూగకపోతే ఆ రోజు సగం కూలే ఇస్తారని చెప్పింది. పైన కూర్చుని ఏం చేస్తారని అడిగింది. ఊపిరి చూసుకుంటామని చెబితే నవ్వి, "మీకు సెలవు దొరికింది" అంది. తూకం వేళయిందని సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మెత్త భావనలో సకల ప్రాణులూ అన్నచోట ముగ్గురికీ ఆవిడే వచ్చింది. "మీరేవిట్లు?" అనే మాట మీద కూడా చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆశ్రమంలో ఆయన మమ్మల్ని వేరుచేయడానికి అడిగాడు. ఈవిడ కలుపుకోవడానికి అడిగింది. ప్రశ్న లేని నేల కోసం వెళ్లాం. అలాంటి నేల ఉందో లేదో గానీ, ఆ ప్రశ్నకు తల దించుకోకుండా జవాబు చెప్పగల మనసు మాకు అక్కడ దొరికింది.

తిరిగొచ్చాక మాస్టారు అన్నమాట ప్రకారం అడిగారు. మా దగ్గర జవాబు ఉంది. మా పట్నం శివారు షెడ్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు కూలి కిలోల లెక్కనే. రోజంతా ఘాటులో దగ్గు, చేతుల మంట. ఎన్నో ఏళ్లుగా ఆ దారినే విహారానికి పోతున్నాం. ఇప్పుడు వారానికొక సాయంత్రం అక్క అక్కడికి వెళ్లి దగ్గు, బీపీ చూసి, అవసరమైనవాళ్లను ఆసుపత్రికి పంపుతోంది. తమ్ముడు వాళ్లకు తలా ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఏ రోజు ఎన్ని కిలోలు తూగిందీ రాసుకోవడం నేర్పాడు. మొదట్లో షెడ్డువాళ్లు చిరచిరలాడారు. పుస్తకాలు మాత్రం ఆగలేదు. వాళ్ల పిల్లలే మాస్టారి చదువుల గదికి వస్తున్నారు. ఆ గదిలోనే రాత్రి ఇరవై నిమిషాలు ధ్యానం, ఇష్టమున్న తల్లులతో కలిసి. ఇద్దరు కునుకు తీస్తారు. తీయనిస్తాం.

అందుకే అడిగే యువ మిత్రులకు మేము చెప్పేది ఇది. వెళ్లండి. వెళ్లేముందు కొన్ని అడగండి. అక్కడ నేర్పేది ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు? డబ్బు లేనివాడికి ఆ గుమ్మం తెరుచుకుంటుందా? సందేహం అడిగితే జవాబు చెబుతారా, నమ్మమంటారా? మనసు బాగాలేనివాళ్లకు, మందులు వాడేవాళ్లకు అది తగునో కాదో ముందే మాట్లాడతారా? ఆ కొండ కింద ఎవరు బతుకుతున్నారు? బుద్ధఘోషుడి పద్దెనిమిది దోషాలూ ఒకసారి చదువుకోండి. ఆఖరుగా మా మాస్టారి ప్రశ్న ఒకటి పెట్టెలో పెట్టుకుని వెళ్లండి. తిరిగొచ్చాక ఏ కుశలం చేస్తారు?

ఈ ఏడు మళ్లీ చీటీ మొదలైంది. ఈసారి మాస్టారి వంతు. ఆయన ఛైయా అంటున్నారు. చెక్క దిండు మీద ఆయన మెడ నిలుస్తుందా అన్నదే ఇప్పుడు మా ఆదివారాల చర్చ.

జై భీమ్. నమో బుద్ధాయ.